క్వాగ్గాకు కొత్త కాలు

లండన్ వెళ్తున్నానని చెప్పగానే అందరూ బ్రిటిష్ మ్యూజియం, టవర్ బ్రిడ్జి పేర్లే చెప్పారు. నేను రాసుకున్న చీటీలో మాత్రం మొదటి పేరు గ్రాంట్ మ్యూజియం, యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ల జువాలజీ మ్యూజియం. మా డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ఏళ్లుగా స్పాటర్లు (చూసి గుర్తుపట్టమని పెట్టే నమూనాలు) పెట్టి ప్రాక్టికల్ పరీక్షలు చేయిస్తున్నదాన్ని. సీసాల్లో నమూనాలు చెడిపోకుండా పోసే ఫార్మలిన్ తగ్గిపోతుంటే, కావాలని ఇండెంట్ రాసి, అది మంజూరయ్యేదాకా ఎదురుచూడటం నా ఉద్యోగంలో భాగం. దాదాపు 200 ఏళ్ల నాటి సీసాలను ఒక యూనివర్సిటీ ఎలా కాపాడుకుంటోందో కళ్లారా చూడాలనిపించింది.

మా గోదావరి జిల్లాల వాళ్లకు ఆ యూనివర్సిటీతో ఇంకో బంధం కూడా ఉంది. జన్యుశాస్త్రంలో మహామహుడైన జె.బి.ఎస్. హాల్డేన్ 1933 నుంచి యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లోనే ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1957లో అక్కడి ఉద్యోగం వదిలి మన దేశానికి వచ్చేశారు, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వాలని ముందే రాసిపెట్టారు. ఆయన పాఠాలు చెప్పిన చోటు చూడాలన్న కోరిక నాకు ఎమ్మెస్సీ రోజుల నుంచి ఉంది.

యూస్టన్ స్క్వేర్ స్టేషన్‌లో దిగితే నాలుగడుగుల్లో యూనివర్సిటీ స్ట్రీట్. మ్యూజియం ఉన్నది ఒకప్పటి మెడికల్ స్కూల్ లైబ్రరీ గది. 2011లో ఇక్కడికి మార్చారు. టికెట్ లేదు. తలుపు తీయగానే నాకు బాగా తెలిసిన వాసన, అదే మా ల్యాబ్ వాసన. ఒకటే గది, చుట్టూ చెక్క బీరువాలు, పైన బాల్కనీ. ఆ బాల్కనీ కమ్మీల దగ్గర అస్థిపంజరాలు వరసగా నిలబడి, వచ్చిన వాళ్లను కిందికి చూస్తుంటాయి. "అమ్మా, ఇది మీ ల్యాబే కదా, కాస్త పెద్దది" అంది మా అమ్మాయి. నిజంగా అలాగే ఉంది.

ఈ సేకరణ పుట్టిందే పాఠం కోసం. రాబర్ట్ గ్రాంట్ 1827లో ఇక్కడ జువాలజీ ప్రొఫెసర్‌గా చేరారు. అంతకుముందు ఎడిన్‌బరోలో కుర్రవాడైన చార్లెస్ డార్విన్‌కు సముద్ర జీవులను పరిచయం చేసింది ఆయనే. లండన్‌కు వచ్చి చూస్తే పాఠం చెప్పడానికి చేతిలో ఒక్క స్పెసిమెన్ (నమూనా) లేదు. దాంతో తానే పోగుచేయడం మొదలుపెట్టారు. అందుకే ఇక్కడ అందమైన వాటితోపాటు సగానికి కోసిన తలలు, పేగులు, పుర్రెలు కూడా ఉన్నాయి. ఒకే సీసాలో కుక్కిన 18 మోల్‌ల (నేలలో బొరియలు తవ్వే చిన్న జంతువులు) ముందు పిల్లలు గుంపుగా నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. మైక్రేరియం అనే చిన్న గూటిలో గోడల నిండా మైక్రోస్కోపు స్లైడ్లు అమర్చి వెనక నుంచి లైట్లు వేశారు. 2,000 పైచిలుకు స్లైడ్లు! మన దగ్గర చెక్కపెట్టెల్లో ఉండి ఎవరూ చూడని స్లైడ్లను వెలుతురులోకి తెస్తే చాలు, జనం వచ్చి చూస్తారని అక్కడ నిలబడ్డాక నమ్మకం కుదిరింది.

నేను ఎక్కువసేపు ఆగింది క్వాగ్గా దగ్గర. దక్షిణాఫ్రికాలో తిరిగిన చారల జంతువు, జీబ్రా జాతికి చెందినది. వేటాడి వేటాడి అంతం చేశారు. చివరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. ప్రపంచం మొత్తం మీద క్వాగ్గా అస్థిపంజరాలు ఏడే మిగిలాయంటారు. ఇక్కడున్నదాన్ని చాలాకాలం మామూలు జీబ్రా అనుకున్నారు. 1972లో పరిశీలించాకే అది క్వాగ్గా అని తేలింది. ఒక తప్పు లేబుల్ వెనక అంత అరుదైన జంతువు దాగి ఉంది!

దానికి ఒక వెనక కాలు లేదు. కొన్నేళ్ల కిందట మ్యూజియం వాళ్లు పెద్ద అస్థిపంజరాలన్నిటినీ శుభ్రం చేసి సరిగ్గా నిలబెట్టే పని చేపట్టినప్పుడు, లండన్‌లోనే ఉన్న రాయల్ వెటర్నరీ కాలేజీ సాయం చేసింది. ఉన్న కాలును సీటీ స్కాన్ తీసి, దాన్ని కంప్యూటర్‌లో అద్దంలో బొమ్మలా తిప్పి, లేని కాలును త్రీడీ ప్రింటర్‌తో చేశారు. ఆ కొత్త కాలు నల్ల నైలాన్‌ది. పసుపు పచ్చని పాత ఎముకల మధ్య అది నల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎముక రంగు వేసి దాచలేదు. ఏది అసలో ఏది తర్వాత వచ్చిందో చూసేవాడికి తెలియాలి కదా. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

అక్కడున్న ఉద్యోగినితో మాట కలిపాను. నేనూ జువాలజీ టీచర్‌నే అనగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. లండన్‌లో ఒకప్పుడు చాలా కాలేజీలకు సొంత జువాలజీ మ్యూజియాలు ఉండేవట. సిలబస్‌లు మారాయి, విభాగాలు మూతపడ్డాయి, గదులు వేరే పనులకు పోయాయి. ఇప్పుడు లండన్‌లో మిగిలిన యూనివర్సిటీ జువాలజీ మ్యూజియం ఇదొక్కటే. దిక్కులేకుండా పోయిన సేకరణల్లో కొన్నిటిని ఇది అక్కున చేర్చుకుంది. డార్విన్ సిద్ధాంతం తరఫున పోరాడిన శాస్త్రవేత్త హక్స్‌లీ నాటి స్పెసిమెన్లు ఇంపీరియల్ కాలేజీ నుంచి ఇలాగే వచ్చాయి. పొరుగు కాలేజీ గేటు తెరవకపోయి ఉంటే అవన్నీ ఏ చెత్తబండిలోనో పోయేవి.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే పెట్రీ మ్యూజియం. ఇదీ అదే యూనివర్సిటీది, ఈజిప్టు తవ్వకాల సామగ్రి. దాదాపు 80,000 వస్తువులు. చూడాల్సింది తర్ఖాన్ చొక్కా. 1913 ప్రాంతంలో ఈజిప్టులోని తర్ఖాన్ తవ్వకంలో దొరికిన మురికి గుడ్డల మూటలో ఉండిపోయింది. 1977లో ఆ గుడ్డలను శుభ్రం చేయడానికి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నిపుణులకు ఇచ్చినప్పుడు లోపలి నుంచి ఈ చొక్కా బయటపడింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు రేడియోకార్బన్ పరీక్ష చేసి, క్రీ.పూ. 3482 - 3102 మధ్యదని తేల్చారు. ప్రపంచంలో దొరికిన, నేసిన గుడ్డతో కుట్టిన దుస్తుల్లో అతి పాతదిగా దీన్ని చెబుతున్నారు. భుజాల దగ్గర కుచ్చులు, మోచేతి దగ్గర ముడతలు. ఎవరో తొడుక్కుని విప్పిన బట్టే.

మర్నాడు రైల్లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లాం. ఊరు, కాలేజీల సంగతి ఎంతోమంది రాశారు, నేను ఏనాడో అంతరించిపోయిన డోడో పక్షి దగ్గరికే వెళ్తాను. యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న డోడో తల 1683లో అక్కడి అష్మోలియన్ మ్యూజియం తెరిచినప్పుడు వచ్చిన సేకరణలోది. ఈ పక్షి మెత్తటి కణజాలం ప్రపంచంలో ఇంకెక్కడా మిగల్లేదు. 2018లో వారిక్ యూనివర్సిటీ స్కానర్‌లో పెట్టి చూస్తే పుర్రెలో సీసపు రవ్వలు కనిపించాయి. అంటే దాన్ని తుపాకీతో కాల్చారు. మూడు శతాబ్దాలకు పైగా గాజు బీరువాలో ఉన్నా తెలియని సంగతి, పక్క యూనివర్సిటీ ఇంజినీర్ల యంత్రం చెప్పింది.

కాలు, చొక్కా, తల. మూడు చోట్లా ఒకటే జరిగింది. వస్తువు ఒకరిది, నైపుణ్యం ఇంకొకరిది. ఇలాంటి సాయాన్ని వాళ్లు ఒకరి మంచితనానికే వదిలేయలేదు. యూరప్‌లోని 12 పాత విశ్వవిద్యాలయాలు, సంస్థలు 2000లో జర్మనీలోని హాలే పట్టణంలో కూర్చుని, తమ సేకరణలను కలిసి కాపాడుకుంటామని ప్రకటించాయి. దానికి యూనివర్సియం అని పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది బార్సిలోనాలో అంతర్జాతీయ మ్యూజియాల మండలి, యూనివర్సిటీ మ్యూజియాల కోసమే ప్రత్యేక కమిటీ ఏర్పాటు చేసింది. 2011లో జర్మనీ సైన్స్ కౌన్సిల్, ఈ సేకరణలను ప్రయోగశాలల్లాగే పరిశోధన సదుపాయంగా చూడాలని సిఫారసు చేసింది. బ్రిటన్‌లో యూనివర్సిటీ మ్యూజియాలు ఒక గ్రూపుగా ఏర్పడి ప్రభుత్వంతో మాట్లాడుతున్నాయి. ఇంగ్లండ్‌లో పరిశోధన నిధులిచ్చే రీసెర్చ్ ఇంగ్లండ్ సంస్థ ఈ మ్యూజియాల కోసం ప్రత్యేకంగా డబ్బు కేటాయిస్తోంది. ఒక్కో క్యూరేటర్ విడిగా వెళ్లి వైస్ ఛాన్సలర్ గది ముందు నిలబడితే వినేవాళ్లు తక్కువ. అందరూ కలిసి పోతే లెక్కలోకి వస్తారు.

తిరుగు విమానంలో నా మనసంతా మన జిల్లాల కాలేజీల బీరువాల మీదే ఉంది. 2014లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) డిగ్రీ, పీజీ జువాలజీలో జంతువులను కోసి చూసే డిసెక్షన్లు ఆపమంది. అది మంచి నిర్ణయమే, నేను దానికి అనుకూలం. వన్యప్రాణి చట్టం వల్ల రక్షిత జంతువులను కొత్తగా సేకరించడం కూడా కుదరదు. అలాంటప్పుడు యాభై, అరవై ఏళ్ల కిందట కాకినాడ, భీమిలి తీరాల్లో పట్టి సీసాల్లో పెట్టిన చేపలు, పీతలు, సముద్రపు పాములు మళ్లీ దొరికేవి కావు. ఆనాటి సముద్రంలో ఏముండేదో చెప్పే సాక్ష్యాలవి. అయినా మూలకు పడిన సీసాలను పనికిరానివని కండెమ్ జాబితాలో రాసి పారేయడం నేను చూశాను. ఆ జాబితా మీద సంతకం పెట్టిన వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. ఆ సీసాలో ఏముందో చెప్పే లేబుల్ రాలిపోయింది, అంతే.

ఇంటికి రాగానే చుట్టుపక్కల కాలేజీల్లో జువాలజీ చెప్పే వాళ్లకు ఫోన్లు చేశాను. మొదట అందరి స్టాక్ రిజిస్టర్లు ఫొటోలు తీసి ఒకచోట పెట్టాలనుకున్నాం. ఎక్కడ పట్టారు, ఏ సంవత్సరం, ఎవరు పట్టారు అన్న మూడు వివరాలు ఉన్న స్పెసిమెన్లను ముందు గుర్తిస్తాం. ల్యాబ్ తగ్గించేస్తున్న ఒక కాలేజీ తన తాబేలు పెంకులు, సొర చేపల సీసాలు మాకిస్తానంది. తాబేళ్ల సంగతి అటవీ శాఖను అడగకుండా ముట్టుకోం. మెడికల్ కాలేజీ అనాటమీ వాళ్లను కూడా కలుపుకుందామని ఒక మాస్టారు అన్నారు, హాల్డేన్ గారి పేరు చెబితే కాదనరని ఆయన ధీమా. మా ప్రిన్సిపాల్ గారు పాత బోటనీ స్టోర్ గది తాళం ఇచ్చారు. కిటికీ అద్దాలు వేయించాలి, ఎండ తగలకుండా పరదాలు కట్టాలి. ఫార్మలిన్‌కు ఇండెంట్ ఈసారి ఐదు కాలేజీల పేరుతో కలిపి పెట్టాం.