హ్యాండిల్ ఎందుకు పట్టేసింది

నాగావళి వంతెన మీద పక్కనుంచి ఒక బస్సు దాటినప్పుడు నా కొత్త రోడ్డు బైకు తిన్నగా పోలేదు. గాలికి కుడివైపు ఒరిగింది. సరిచేయబోతే ఎడమవైపు అవసరానికి మించి తిరిగింది. భయపడి దిగి, అరసవల్లిలోని ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

సైకిలు తొక్కడమంటే ఒరిగిన వైపుకు ముందు చక్రాన్ని రవ్వంత తిప్పుతూ క్షణక్షణం సర్దుకోవడమే. చేతులు ఆ పని మనకు తెలియకుండానే చేస్తాయి. హ్యాండిల్ పట్టేస్తే ఆ చిన్న సర్దుబాట్లు కుదరవు, బండి పాములా మెలికలు తిరుగుతుంది. దీన్ని చిన్న లోపంగా తీసుకోకూడదని గట్టిగా చెబుతాను.

ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విడివిడిగా పెట్టెలో వచ్చాయి. బిగించింది నేనే, కాబట్టి తప్పు వెతకాల్సిందీ నేనే. తమ్ముడు ఫ్రేమును పట్టుకుని ముందు చక్రం పైకి లేపాడు. బండిని కాస్త పక్కకు వంచితే చక్రం తన బరువుకు తానే ఆ వైపు వాలాలి. నాది పెట్టిన చోటే నిలిచిపోయింది. కేబుళ్లు పొట్టివై లాగుతున్నాయేమోనని చూశాను. అవి వదులుగానే ఉన్నాయి.

హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి కలిపే స్టెమ్ మీద ఉన్న పై మూత బోల్టును సగం చుట్టు వదులు చేశాను. ఏమీ మారలేదు. మారదు కూడా. ఆ బోల్టు పని హ్యాండిల్‌ను పట్టి ఉంచడం కాదు, ఫోర్కు గొట్టం ఫ్రేములో తేలికగా తిరిగేలా పైనొకటి, కిందొకటి ఉండే బేరింగుల మీద తగినంత ఒత్తిడి పెట్టడం మాత్రమే. ఆ ఒత్తిడిని నిలిపి ఉంచేవి స్టెమ్ పక్కనుండే రెండు బోల్టులు. అవి బిగించి ఉండగా పై మూతను ఎంత తిప్పినా లోపల కదలిక ఉండదు. ముందు పక్క బోల్టులు వదులు చేసి, ఆ తర్వాతే మూత జోలికి వెళ్లాలి.

అలా చేస్తే హ్యాండిల్ తేలికగా తిరిగింది. కానీ ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే టక్‌టక్‌మని ఆడింది. ఆ ఆట పోయేదాకా మూత బిగిస్తే మళ్లీ పట్టేసింది. రెండింటి మధ్య సరైన చోటు ఎక్కడో ఉంటుందని గంటసేపు వెతికాను.

మర్నాడు ఏడు రోడ్ల కూడలి దగ్గర నాన్న సైకిలు బాగుచేసే తాతగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చేతికి వచ్చేవన్నీ విడి బాల్స్ ఉండే పాత సైకిళ్లు. అయినా రెండుసార్లు హ్యాండిల్ తిప్పి చూసి, “ఆట పోతే పట్టేస్తోంది, పట్టు వదిలితే ఆట వస్తోంది. కోన్‌సెట్ సరిగా కూర్చోలేదమ్మా, విప్పు” అన్నారు. కోన్‌సెట్ అంటే ఆ బేరింగులు, వాటి రింగులు కలిసిన భాగమే.

విప్పాము. పై బేరింగు తిరగబడి ఉంది. చూడటానికి రెండు ముఖాలూ ఒకేలా ఉంటాయి, అందుకే ఈ పొరపాటు తేలికగా జరుగుతుంది. అంచు మీద వేలు పెట్టి తడిమితే వాలు తెలుస్తుంది. పై బేరింగుకు బయటి అంచు వాలు కిందికి, ఫ్రేములోని గూటి వైపు ఉండాలి. లోపలి అంచు వాలు పైకి ఉండాలి, చీలిక ఉన్న రింగు అందులో ఒదుగుతుంది. కింది బేరింగుకు సరిగ్గా దీనికి ఎదురు: బయటి వాలు పైకి, లోపలి వాలు కిందికి, ఫోర్కు మొదట్లోని రింగు మీదికి. తిరగబడితే వాలుకు వాలు కలవదు, రింగు బేరింగు అంచు మీదే నిలబడుతుంది. బిగించిన కొద్దీ అది వంకరగా నొక్కుతుంది.

తాతగారు గూటిని గుడ్డతో తుడిచి గ్రీజు పూశారు. బేరింగును నేనే తిప్పి పెట్టాను. ఫోర్కు గొట్టం పై అంచు స్టెమ్ అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు కిందే ఉందని చూసుకున్నాం. గొట్టం పైకి పొడుచుకొస్తే మూత దానికే తగిలి బేరింగును నొక్కదు. ఆట పోయే వరకే మూత బిగించి, హ్యాండిల్‌ను చక్రానికి సూటిగా చూసుకుని, పక్క బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. నా స్టెమ్ మీద 5 న్యూటన్ మీటర్లని రాసి ఉంది, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచిలో అంతే పెట్టాను.

చక్రం పైకి లేపి వంచగానే మెత్తగా పక్కకు వాలింది. ఆ ఆదివారం తెల్లవారుజామున కళింగపట్నం దీపస్తంభం దాకా వెళ్లి వచ్చాను. ఇంటికొచ్చి బ్రేకు పట్టి ఊపితే సన్నగా ఒక ఆట తగిలింది. కొత్త బేరింగులు తొలి ప్రయాణాల్లో ఇంకాస్త లోపలికి కూర్చుంటాయి. పక్క బోల్టులు వదులు చేసి మూతను రవ్వంత తిప్పి, మళ్లీ బిగించాను.