బ్రూస్ లీ దగ్గర నేను నేర్చుకున్న మాక్ టెస్ట్ అనాలిసిస్

ఫ్రెండ్స్, మా రీడింగ్ రూమ్ గోడ మీద వివేకానందుడు, కలాం పక్కనే బ్రూస్ లీ కూడా ఉండేవాడు, చొక్కా లేకుండా కండలు బిగించి. ఆ ఫొటో చూస్తే ఓ పది నిమిషాలు ఊపొస్తుంది, తర్వాత మళ్లీ ఫోనే. గ్రూప్-2 ప్రిపరేషన్‌లో నాకు అక్కరకొచ్చింది ఆయన తన ఆటను తనే పోస్ట్‌మార్టం చేసుకున్న తీరు.

1964-65 ప్రాంతంలో అమెరికాలోని ఓక్లాండ్‌లో వాంగ్ జాక్ మాన్ అనే కుంగ్‌ఫూ యోధుడితో ఆయనకు పోటీ జరిగింది. ఎవరు గెలిచారన్నది ఇప్పటికీ వాదనే. లీ వైపు వాళ్ల మాట ప్రకారం మూడు నిమిషాల్లో ఆయనే గెలిచాడు. అయినా తృప్తి లేదు. అంతసేపు ఎందుకు పట్టింది, అంత ఆయాసం ఎందుకొచ్చింది అని తవ్వుకున్నాడు. హాంకాంగ్‌లో ఇప్ మాన్ అనే గురువు దగ్గర నేర్చుకున్న వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ పద్ధతి ఒక్కటే చాలదని తేల్చుకుని స్టామినా పెంచాడు, బాక్సింగ్ నుంచి, ఫెన్సింగ్ నుంచి కావాల్సింది తీసుకున్నాడు, అక్కర్లేనిది వదిలేశాడు. 1967లో దానికే జీత్ కున్ డో అని పేరు పెట్టాడు.

మనకు కష్టమంతా ఆ వదిలెయ్యడంలోనే. పాలిటీకి ఒక పుస్తకం ఉండగానే ఎవరో టాపర్ చెప్పాడని ఇంకోటి, దాని మీద టెలిగ్రామ్ పీడీఎఫ్‌లు. నేను సబ్జెక్టుకు ఒక్కటి ఉంచుకుని మిగతావి జూనియర్లకు ఇచ్చేశా. ఇచ్చేటప్పుడు ప్రాణం ఉసూరుమన్న మాట నిజం.

ఏపీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. అందుకే మాక్ రాశాక తప్పులే కాదు, రైట్ వచ్చినవీ వెతికేవాణ్ణి, తెలిసి పెట్టానా, గుడ్డిగా తగిలిందా అని. నోట్‌బుక్‌లో ఒక ఎంట్రీ ఇలా ఉంది: 'హంటర్. 1882 విద్యా కమిషన్ ఆయన వేరు, జలియన్‌వాలా బాగ్ విచారణ చేసినాయన వేరు. మార్కు వచ్చింది, లక్కు.' మాక్ రాసిన సాయంత్రం కొత్త చాప్టర్ ముట్టేవాణ్ణి కాదు.

అన్నట్టు, లీ వర్కౌట్ చార్ట్ డౌన్‌లోడ్ చేసి తెల్లారగట్ల పుష్-అప్స్ తీసేవాళ్లూ మా దగ్గర ఉన్నారు. ఒంటికి మంచిదే. అరిథ్‌మెటిక్ మాత్రం దానంతటది రాదు.

1970లో బరువులెత్తుతూ లీ నడుము దెబ్బతీసుకున్నాడు. ఇక కిక్ కొట్టలేవన్నారు డాక్టర్లు. నెలల తరబడి మంచం మీదే ఉండి చదివాడు, నోట్‌బుక్కులు నింపాడు. 1973లో 32 ఏళ్లకే పోయాక, ఆయన నోట్సే 1975లో పుస్తకంగా వచ్చింది.

మా మెయిన్స్ 2024 జులైలో జరగాల్సింది, వాయిదాల మీద వాయిదాలు పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. చాలామంది టెన్షన్‌తో కొత్త మెటీరియల్ కొన్నారు. నేను పాత మాక్‌ల నోట్‌బుక్కే మొదటి పేజీ నుంచి తిరగేస్తూ, గట్టిపడ్డవి కొట్టేస్తూ వచ్చా. పరీక్ష దగ్గరపడేసరికి అందులో ఎకానమీ తప్ప పెద్దగా మిగల్లేదు. ఎకానమీ గోల ఇంకోసారి రాస్తా.