తాతల నాటి రెమింగ్టన్‌కి ఇంట్లో తూటాలు నింపుకోవాలంటే

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పల్లెల్లోని వేటసామాను కొట్లకు అటకల మీది తుపాకులన్నీ దిగుతాయి. థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలయ్యే తొమ్మిది రోజుల జింకల వేటకి అది ఏర్పాటు. తాతో, మావగారో పోయారు, బీరువాలో ఇది దొరికింది, దీనికి తూటాలున్నాయా అని అడుగుతారు. బ్యారెల్ మీద రెమింగ్టన్ పేరు, పక్కన '.35 రెమ్' అని (అది పట్టే తూటా పేరు, .35 రెమింగ్టన్) ఉంటే అది మోడల్ 8 గానీ దాని తమ్ముడు మోడల్ 81 వుడ్స్‌మాస్టర్ గానీ అయ్యే అవకాశం ఎక్కువ. తూటా చాలాసార్లు షెల్ఫులో ఉండదు. ఉన్నా ధర చూసి డబ్బా మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. అప్పుడు మాట కాల్చేసిన తూటాల ఖాళీ గుల్లల్ని ఇంట్లో సొంతంగా మళ్ళీ నింపుకోవడం మీదికి మళ్ళుతుంది.

ఈ కౌంటర్ల వెనక పనిచేసే తెలుగువాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమి. తుపాకుల కొట్లో ఉద్యోగం అని ఇంటి దగ్గర చెప్పడానికి కాస్త తటపటాయింపే. అయినా 'అన్నా, మా మావగారి తుపాకీ ఒకటి వచ్చింది' అని మొదలయ్యే ఫోన్లు మాత్రం మనవాళ్ళ దగ్గర్నుంచే ఎక్కువ. తెల్లవాళ్ళ ఇంటి అల్లుళ్ళు, కోడళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళందరికీ చెప్పేది ఇదే.

ముందు వీసా సంగతి, ఎందుకంటే ఇది తప్పితే మిగతాదంతా వృథా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వాళ్ళు, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ అడ్డు లేదు. మినహాయింపుల్లో మనవాళ్ళకి పనికొచ్చేది ఒకటుంది: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు గడువు తీరకుండా చేతిలో ఉండాలి. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఆ లైసెన్సు కోసం హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. చాలామందికి తెలియనిది ఇంకోటి. చట్టం దృష్టిలో 'తూటా' అంటే నింపిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ బ్రాస్ (ఇత్తడి గుల్ల), ప్రైమర్ (దెబ్బ తగిలితే మందుని అంటించే చిన్న బిళ్ళ), బుల్లెట్ (ఎగిరిపోయే గుండు), మందు (తుపాకి మందు), విడివిడిగా ఏది ఉన్నా అదీ తూటా కిందికే వస్తుంది. ఆన్‌లైన్‌లో వంద ప్రైమర్లే కదా అని తెప్పించుకున్న హెచ్-1బీ కుర్రాడు తుపాకీ కొన్నవాడితో సమానం. శిక్ష పదిహేనేళ్ళ దాకా ఉంది, దేశం నుంచి పంపించెయ్యడానికీ అది కారణమవుతుంది. వీలునామా ద్వారా వచ్చిన తుపాకీని వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకోవడానికి ఫెడరల్ చట్టం దారి ఇస్తుంది గానీ, తీసుకునేవాడికి ఉంచుకునే అర్హత ఉంటేనే. సొంత వాడకానికి నింపుకుంటే లైసెన్సు అక్కర్లేదు. పక్కింటాయనకి డబ్బులకి అమ్మే వ్యాపారం పెడితే మాత్రం తూటా తయారీదారు లైసెన్సు కావాలి.

ఇక తుపాకీ. మోడల్ 8 తుపాకుల రూపశిల్పి జాన్ బ్రౌనింగ్ బుర్రలోంచి వచ్చింది. రెమింగ్టన్ 1906 నుంచి 1936 దాకా చేసింది, ఆ తర్వాత 1950 దాకా మోడల్ 81. తుపాకీని తిప్పడానికి పేలుడు గ్యాస్‌ని మళ్ళించే రంధ్రం ఇందులో లేదు. పేలగానే బ్యారెల్, దాని వెనక తూటాని మూసి పట్టే బోల్టు రెండూ కలిసి బయటి గొట్టం లోపల వెనక్కి జరుగుతాయి. చివరికంటా వెళ్ళాక బోల్టు అక్కడే ఆగుతుంది, బ్యారెల్ ఒక్కటే ముందుకొస్తుంది, ఆ ఎడంలో ఖాళీ బ్రాస్ కుడివైపుకి ఎగిరిపోతుంది. తర్వాత బోల్టు ముందుకు దూకుతూ కొత్త తూటాని ఛాంబర్లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి, తోసి తాళం పడుతుంది. భుజానికి రెండు కుదుపులు తెలుస్తాయి.

నింపే పద్ధతి మొత్తం ఈ ఏర్పాటు మీదే ఆధారపడుతుంది. బోల్టు చేత్తో వేసే రైఫిల్లో తూటా కాస్త లావైతే చేతికి బిగువు తెలుస్తుంది, ఆగి చూసుకుంటాం. ఇక్కడ మధ్యలో చెయ్యే లేదు. స్ప్రింగుకి అనుమానం రాదు. బోల్టు మీద చెయ్యి చేసే తనిఖీ అంతా బెంచి మీదే, ఒక్కో తూటాకీ, ముందే అయిపోవాలి.

నింపడానికి ముందు తుపాకీని గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, చూపించండి. ఇందులో బేరం లేదు. బ్యారెల్‌కీ బయటి గొట్టానికీ మధ్య డెబ్భై ఏళ్ళనాటి గ్రీజు జిగురుగా గట్టిపడి ఉంటుంది. బ్యారెల్ పూర్తిగా ముందుకు రాదు. స్ప్రింగు చచ్చుబడితే దానికి వ్యతిరేకం: లోపలి ఇనుము ఇనుముని గుద్దుకుంటుంది. ఈ రెండింటికీ మందు ఎక్కువో తక్కువో వేసి సర్దుదామనుకునేవాళ్ళున్నారు. ఆ సర్దుబాటు రోగం తుపాకీలో పెట్టుకుని మాత్ర తూటాకి వేసినట్టే. హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకీ, ఛాంబర్లో తూటా ఆగే చోటుకీ మధ్య ఎడం) గేజితో కొలిపించండి, బ్యారెల్ మీది అంకె రెండుసార్లు చదవండి. ఈ తుపాకీ .25, .30, .32 రెమింగ్టన్‌లలోనూ వచ్చింది, 81 అయితే .300 సావేజ్‌లో కూడా. .35 వీలెన్, .358 వించెస్టర్ పేర్లు దగ్గరగా వినిపించినా వేరే తూటాలు.

తుపాకీతోపాటు గరాజులో కాఫీ డబ్బానిండా చేత్తో నింపిన పాత తూటాలు వస్తాయి. ఎంత ముద్దుగా పేర్చి ఉన్నా కాల్చకండి. లోపల ఏ మందు, ఎంత ఉందో చెప్పే మనిషి లేడు. విప్పి ఆ మందు మళ్ళీ వాడటం అంతకంటే చెడ్డ ఆలోచన. లేబుల్ సరిగ్గా ఉన్న మందు డబ్బా అయినా మూత తీస్తే ముక్కుకి ఘాటుగా కొట్టినా, ఎర్రటి పొగ కనిపించినా పాడైనట్టే. పారెయ్యడానికి స్థానిక పోలీసునో, ఫైర్ డిపార్టుమెంటునో అడగండి.

బ్రాస్ పని అన్నిటికంటే ఎక్కువ ఓపిక తినేది, మిగతా అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే. మోడల్ 8 ఖాళీలని దూరంగా విసురుతుంది. రేంజిలో కింద దుప్పటి పరిస్తే దొరుకుతాయి. శుభ్రం చేశాక ఒక్కోదాన్నీ కిటికీ వెలుగులో తిప్పి చూడాలి. అడుగు నుంచి కొంచెం పైన, గోడ చుట్టూ సన్నటి మెరుపు గీత కనిపిస్తే అక్కడ లోహం సాగి పలచబడుతోందని అర్థం. పేపర్ క్లిప్పు కొస వంచి, లోపలికి దించి, గోడ వెంట పైకి లాగండి. ఆ చోట కొస చిన్న గుంటలో పడ్డట్టు తగిలితే ఆ బ్రాస్ చెత్తబుట్టకి. ఇంకోసారి కాలిస్తే తల ఊడి, మిగతా ముక్క ఛాంబర్లోనే ఉండిపోతుంది.

కాల్చాక ఉబ్బిన బ్రాస్‌ని మళ్ళీ కొలతకి నొక్కే అచ్చు, సైజింగ్ డై, ఫుల్-లెంగ్త్‌దే, అంటే ఒళ్ళంతా నొక్కేదే వాడాలి. మెడ (బుల్లెట్‌ని పట్టుకునే పైభాగం) మాత్రమే బిగించే డై ఈ తుపాకీకి పనికిరాదు. బ్రాస్‌కి లూబ్రికెంట్ పలచగా పట్టించాలి. తక్కువైతే డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం దగ్గర, అంటే బ్రాస్ ఒళ్ళు మెడకి సన్నబడే వాలు దగ్గర, సొట్టలు పడతాయి. .35 రెమింగ్టన్‌కి ఉన్న పెద్ద చిక్కు ఆ భుజమే. మరీ చిన్నది, తూటా ఛాంబర్లో నిలబడేది మాత్రం దాని మీదే. డైని అడ్డగోలుగా కిందికి దించితే భుజం అతిగా వెనక్కి పోతుంది. తూటా లోపలికి జారి, ఫైరింగ్ పిన్ను దెబ్బ చాలక పేలదు. పేలితే పైన చెప్పిన మెరుపు గీత తొందరగా వస్తుంది. మీ తుపాకీలోనే కాల్చిన బ్రాస్‌ని కొలిచి, భుజాన్ని దానికంటే 0.003 నుంచి 0.004 అంగుళం మాత్రమే వెనక్కి నెట్టండి. తర్వాత ప్రతిదీ కేస్ గేజిలో, అంటే ఛాంబర్ కొలతకి తొలిచిన అచ్చులో, వేసి చూడాలి. పదింటికి ఒకటి కాదు, ప్రతిదీ. పొడవు 1.920 అంగుళాలు దాటకూడదు, దాటినవాటిని 1.910కి కోయండి. అన్నిటికీ ఒకే పొడవు లేకపోతే చివర్లో క్రింపు (మెడ అంచుని బుల్లెట్ మీదికి నొక్కడం) ఒకదానికి బిగువు, ఇంకోదానికి వదులు.

ప్రైమర్ లార్జ్ రైఫిల్. గూడు శుభ్రం చేసి, ప్రైమర్‌ని అడుగు మట్టానికి 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి దించాలి. వేలు పెట్టి రాస్తే చిన్న పల్లం తెలియాలి. గూట్లో మసి ఉంటే ప్రైమర్ ఎత్తుగా నిలబడుతుంది. బోల్టు విసురుగా మూసుకునే తుపాకీలో ఎత్తుగా ఉన్న ప్రైమర్, ట్రిగ్గర్ మీద వేలు పడకముందే పేలొచ్చు.

మందు కొలత ఇక్కడ రాయడం లేదు, ఎవరైనా నోటిమాటగా చెప్పినా తీసుకోకండి. హార్నడీ, హాడ్జ్‌డన్ లాంటి కంపెనీల తాజా మాన్యువల్లో మీ బుల్లెట్ బరువుకి, మీ మందు పేరుకి ఎదురుగా ఉన్న ప్రారంభ కొలతతో మొదలుపెట్టండి. అదే తూటాకి సింగిల్ షాట్ పిస్తోలు పట్టిక వేరే పేజీలో ఉంటుంది, దాన్ని రైఫిల్‌కి వాడకూడదు. ఈ తూటాకి శామీ (తుపాకీ, తూటా కంపెనీల ప్రమాణాల సంస్థ) పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 33,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .30-06కేమో 60,000. ఇది నెమ్మదైన తూటా, నెమ్మదిగానే ఉండనివ్వాలి. 200 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు బుల్లెట్, మధ్యరకం వేగంతో మండే మందు దీనికి సంప్రదాయం. పట్టికకి తక్కువ వేస్తే బ్యారెల్ పూర్తిగా వెనక్కి వెళ్ళదు, ఖాళీ బయటికి రాదు. మరీ ఎక్కువైతే వందేళ్ళ ఇనుముకి ప్రతి దెబ్బా లోపల తగులుతుంది. ఈ తుపాకీకి పనికొచ్చే మందు ఆ రెండింటి మధ్య సన్నటి సందులోనే ఉంటుంది.

బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. త్రాసుని చెక్ వెయిట్‌తో సరిచూడాలి, ఫ్యాను ఆపాలి. గ్రెయిన్ అంటే పౌండులో ఏడు వేలో వంతు, గాలికే ముల్లు కదులుతుంది. మందు పోశాక యాభై బ్రాస్‌లనీ లోడింగ్ బ్లాకులో నిలబెట్టి టార్చి వేసి చూడండి. అన్నిట్లో మందు ఒకే మట్టంలో కనిపించాలి. ఇందులో రెట్టింపు పడితే పొర్లిపోతుంది కాబట్టి తెలిసిపోతుంది. అసలు భయం మందు పడని బ్రాస్. ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్ మధ్యదాకా నెట్టి వదిలేస్తుంది, తుపాకీ తనంతట తాను తిరగదు, మనిషి 'ఇరుక్కుంది' అనుకుని చేత్తో లాగి ఇంకోటి కాలుస్తాడు. బ్యారెల్ పగలడానికి అది చాలు. 'టప్' అని నీరసంగా వినబడితే ఆపి, తుపాకీని ఖాళీ చేసి, బ్యారెల్లో అవతలి వెలుతురు కనబడుతుందో లేదో చూడాలి.

బుల్లెట్ వ్యాసం 0.358 అంగుళం, నింపిన తూటా పొడవు 2.525 దాటకూడదు. మ్యాగజీన్ పెట్టెరకం కాబట్టి కోసు ముక్కు బుల్లెట్ ట్యూబు మ్యాగజీన్‌లోలాగా ముందున్న ప్రైమర్‌ని గుచ్చదు. అయినా ఈ తుపాకీ నోరు గుండ్రటి ముక్కుకే అలవాటు. బుల్లెట్ కూర్చోబెట్టడం ఒక పని, క్రింపు ఇంకో పని. రెండూ ఒకే దెబ్బలో కానిస్తే బుల్లెట్ దిగుతుండగానే మెడ అంచు మడతపడి, ఆ తోపుకి భుజం ఉబ్బుతుంది. కంటికి కనబడదు, కేస్ గేజి పట్టుకుంటుంది. అందుకే గేజి తనిఖీ క్రింపు తర్వాత మళ్ళీ ఒకసారి. అసలు పట్టు మెడది, క్రింపు సాయం మాత్రమే. పట్టు వదులైతే మ్యాగజీన్‌లో కుదుపులకి బుల్లెట్ లోపలికి దిగి, ఒత్తిడి పెరుగుతుంది.

మందూ ప్రైమరూ లేని డమ్మీ తూటాలు రెండు చేసి మ్యాగజీన్ నుంచి ఛాంబర్‌కి ఎలా ఎక్కుతున్నాయో చూడండి. నిజం తూటాలు ఇంట్లో ఎక్కించకండి, ఆ పని రేంజిలోనే. అక్కడ మొదట ఒక్కటే, తర్వాత రెండు, అన్నీ బాగుంటే ఐదు. ప్రతి ఖాళీనీ ఏరి అడుగుభాగం చూడండి. ప్రైమర్ పూర్తిగా చదునైనా, రిమ్ము చిరిగినా ఆ కొలత ఆపెయ్యాలి.

అపార్టుమెంటులో ఉండేవాళ్ళు లీజు కాగితం ముందు చదవాలి. సొంతిల్లయితే అమెరికాలో వాడుకలో ఉన్న అగ్నిభద్రత నియమావళి ఇంట్లో 20 పౌండ్ల దాకా మందుని కంపెనీ డబ్బాల్లోనే, ప్రైమర్లు 10,000 దాకా ఉంచుకోనిస్తుంది. ఊరి నియమం ఇంకా కఠినంగా ఉండొచ్చు. అన్నం తినే బల్ల మీద ఈ పని వద్దు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, పిల్లలు పాకే ఇంట్లో బ్రాస్‌ని తిప్పి శుభ్రం చేసే పొడి టంబ్లర్ యంత్రం దుమ్ము మరీ చెడ్డది. నీళ్ళతో కడిగే టంబ్లర్ కొనుక్కుని, పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, చొక్కా విడిగా ఉతకండి.

ఇండియా ప్రయాణానికి రేంజి బ్యాగు వాడొద్దు. మందు, ప్రైమర్లు విమానం ఎక్కకూడదు సరే, మరిచిపోయిన ఒక్క తూటా పక్క జేబులోంచి శంషాబాద్ స్కానర్‌లో కనబడితే 1959 ఆయుధ చట్టం కింద కేసు పడుతుంది. తెలిసి తేలేదని కోర్టులో తేలడానికి నెలలు పట్టొచ్చు, అంతదాకా తిరుగు టికెట్టూ, ఉద్యోగమూ గాల్లోనే. సూట్‌కేసు సర్దేముందు కోటు లోపలి జేబులు, పాత కెమెరా సంచి, కారు ట్రంకులో పడుండే బ్యాక్‌ప్యాక్ అడుగు, అన్నీ బోర్లించి దులపండి.