బెత్తం పట్టని లెక్కల సారు

మా చిన్నప్పుడు కన్నవాళ్ళే బడికొచ్చి చెప్పి వెళ్ళేవాళ్ళు: "చర్మం ఒలిచినా ఫర్వాలేదు సార్, కళ్ళు మాత్రం వదిలెయ్యండి." చెన్నై జార్జిటౌన్‌లో మనం చదివిన బడికి పిల్లల్ని పంపిన తెలుగువాళ్ళలో చాలామందికి అక్కడి కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టే బతుకుతెరువు. తెల్లారకముందే దుకాణం తెరవాలి. పిల్లల నోట్సు తిరగేసే తీరిక వాళ్ళకెక్కడిది? అందుకే చదువుతో పాటు బెత్తాన్నీ సార్లకే అప్పజెప్పారు.

బెత్తాలకు అప్పట్లో కొదవ లేదు. అయినా ఎనిమిదో తరగతిలో మమ్మల్ని దారిలో పెట్టింది లెక్కల సారు. ఆయన ఎవరినీ కొట్టగా మేం చూడలేదు. ముందురోజు ఇచ్చిన లెక్కలు పొద్దున మొదటి పీరియడ్‌కల్లా బల్ల మీద ఉండాలి. భోజనాల బెల్లు కొట్టేలోపు అవి దిద్ది మా చేతికొచ్చేవి. జ్వరంతో మఫ్లర్ చుట్టుకొచ్చిన రోజు కూడా అంతే. తప్పు లెక్కకి అడ్డగీత కొట్టి ఊరుకునేవారు కాదు. ఏ మెట్టు దగ్గర దారి తప్పామో సరిగ్గా అక్కడ ఎర్ర సిరాతో చిన్న చుక్క పెట్టేవారు. ఆ చుక్క నుంచి మళ్ళీ చేసి చూపిస్తేనే ఇంటికి.

మార్కెట్లో నాన్నకు సాయం చేసి వచ్చే మా క్లాసు కుర్రాడికి రోజూ ఆలస్యమే. మిగతా సార్లు వాణ్ణి గేటు దగ్గర ఎండలో నిలబెట్టేవారు. లెక్కల సారు ఒకరోజు ఆ దుకాణానికే వెళ్ళి సంగతి కనుక్కున్నారు. ఆనాటి నుంచి వాడికి పోయిన పాఠం సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేవారు. "కారణం ఉందని పాఠం మాఫీ కాదురా" అనేవారు. వాడికి తిట్లూ లేవు, తప్పించుకునే వీలూ లేదు.

దెబ్బలకు పిల్లలు ఇట్టే అలవాటు పడతారు. రెండు తింటే హోంవర్కు పీడ వదిలిందనుకునేవాళ్ళం మేమంతా. ఆ సారు దగ్గర మాత్రం ఆ ఎత్తు పారలేదు, ఎందుకంటే ఆయన తన పని ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. "అందుకే ఇప్పటి పిల్లలకి క్రమశిక్షణ లేదు" అని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తరచూ వినిపిస్తుంటుంది. నేను ఒప్పుకోను. నోట్సు దిద్దడానికీ, రాని పిల్లాడి ఇంటికెళ్ళి అడగడానికీ ఏ చట్టమూ అడ్డు రాదు. కాకపోతే దానికి ఓపికా, టైమూ కావాలి. ఒక్కో టీచరుకి ఇన్నేసి క్లాసులు అంటగట్టి ఆ ఓపిక ఎక్కణ్ణుంచి తెమ్మంటాం?

1996లో మార్కెట్టు కోయంబేడుకి తరలిపోయింది. ఆ దుకాణాల పిల్లలు ఇప్పుడు మన బడిలో లేరు. కానీ ఇంటి దగ్గర నోట్సు చూసేవాళ్ళు లేని పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఈసారి గోడకి శిలాఫలకం వద్దు. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, సాయంత్రం బడి వదిలాక ఒక గంట పిల్లల లెక్కలు దిద్దడానికి మనలో మనం వంతులు వేసుకుందాం. మంగళవారాలు నాకు రాసుకోండి.