సెటో సముద్రం నుంచి నాగసాకి దాకా: ఓడ మీది నుంచి చూసిన జపాన్

జపాన్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది టోక్యోలో దిగి, బుల్లెట్ రైలెక్కి, క్యోటో, ఒసాకా చూసుకుని తిరిగి వస్తారు. ఆ దారిలో చూడదగినవి ఎన్నో ఉన్నాయి, కాదనను. కానీ జపాన్ ద్వీపాల దేశం. బియ్యం, ఉప్పు, సైన్యాలు, సన్యాసులు, రాయబారులు అందరూ, అన్నీ అక్కడ శతాబ్దాల తరబడి నీటి మీదే కదిలాయి. అందుకే నేను ఆ దేశాన్ని ఓడ మీది నుంచి చూడాలని కోరుకున్నాను. కోబెలో ఓడ ఎక్కి, సెటో లోసముద్రం మీదుగా పడమటికి సాగి, కన్మోన్ జలసంధి దాటి, కొరియాలోని పుసాన్‌లో ఒకసారి ఆగి, చివరకు నాగసాకి చేరే యాత్ర అది. జపాన్ చరిత్రలో రాజులకూ సేనానులకూ ఎంత చోటుందో సముద్రపు ఆటుపోట్లకూ అంత చోటుందని ఈ ప్రయాణంలో నాకు గట్టిగా అనిపించింది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ప్రధానంగా అదే.

హోన్షూ, షికోకు, క్యూషూ అనే మూడు పెద్ద ద్వీపాల మధ్య ఇమిడి ఉన్న సెటో సముద్రం తూర్పు నుంచి పడమరకు దాదాపు 450 కిలోమీటర్ల పొడవుంటుంది. అందులో చిన్నా పెద్దా కలిపి ఏడువందలకు పైగా ద్వీపాలున్నాయి. 1934లో జపాన్ తొలిసారిగా ప్రకటించిన జాతీయ ఉద్యానవనాల్లో ఇదొకటి. కోబె దాటగానే తలపైకి వచ్చే ఆకాషి వంతెన మధ్య భాగం పొడవు 1991 మీటర్లు. 1995 జనవరిలో వచ్చిన భూకంపానికి, అప్పటికి కట్టడం పూర్తికాని ఆ వంతెన స్తంభాల మధ్య దూరం దాదాపు ఒక మీటరు పెరిగింది. వంతెన నీడ దాటాక సముద్రం సముద్రంలా ఉండదు. ఎటు చూసినా కొండల్లాంటి ద్వీపాలే కనిపిస్తాయి, ఒకదాని వెనుక ఒకటి రంగు పలచబడుతూ పోతాయి. చైనా మీదుగా వచ్చిన భారతీయ సన్యాసి బోధిసేనుడు 736లో ఈ సముద్రపు తూర్పు కొసన, నేటి ఒసాకా ప్రాంతంలోని నానివా రేవులో దిగాడు. 752లో నారా నగరంలోని తోదాయిజి మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినవాడు ఆయనే.

షికోకు ద్వీపంలోని తకమాత్సు దగ్గర మా ఓడ ఆగింది. అక్కడి కోట కందకంలో ఉన్నది సముద్రపు నీరు, అందులో తిరిగేవి సముద్రపు చేపలు. కోట బాగుంది, కానీ నా మనసు కోటోహిరా కొండ మీద చిక్కుకుంది. నావికుల దైవంగా పేరుపొందిన కొంపిరా గుడి అక్కడే ఉంది. ప్రధానాలయానికి 785 మెట్లు ఎక్కాలి. కొండ దాకా రాలేని నావికులు వెనుకటి కాలంలో ఒక చిన్న పీపాలో కానుక డబ్బు పెట్టి, జెండా గుచ్చి, సముద్రంలో వదిలేవారు. అది ఎవరి వలకు తగిలినా, ఎవరి పడవకు తగిలినా, వాళ్ళు దాన్ని తెచ్చి గుడికి చేర్చేవారు. చేర్చినవారికి కూడా పుణ్యం దక్కుతుందని నమ్మకం. పైన ఒక మంటపం నిండా నావికులు సమర్పించిన ఓడల బొమ్మల పలకలు వేలాడుతున్నాయి, పాత తెరచాప ఓడల నుంచి ఈనాటి సరుకు నౌకల దాకా.

ఈ షికోకు ద్వీపంలోనే 774లో కుకాయ్ పుట్టాడు. 804లో ఓడెక్కి చైనా వెళ్ళి, మంత్రయాన బౌద్ధాన్ని నేర్చుకుని వచ్చి, షింగోన్ సంప్రదాయాన్ని స్థాపించాడు. ఆ సంప్రదాయపు గురుపరంపరలో మన నాగార్జునుడు ఉన్నాడు. షింగోన్ ఆలయాల్లో గురువుల చిత్రాల వరుసలో ఆయన బొమ్మ కూడా కనిపిస్తుంది. దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపాన్ని నాగార్జునుడు ఏడు తెల్ల ఆవగింజలను మంత్రించి తెరిచాడని, అందులోనే రహస్య సూత్రాలను అందుకున్నాడని వారి గాథ చెబుతుంది. ఆ స్తూపం మన అమరావతిదే కావచ్చునని కొందరు పండితులు ఊహించారు కూడా. నాగార్జునకొండను చూసిన తెలుగువాడు షికోకులో ఆ పేరు వింటే కలిగే ఆనందం ఎంతటిదో నేను వేరే చెప్పనక్కరలేదు.

యాత్ర మొత్తంలో నాకు అన్నిటికంటె నచ్చిన ఊరు తోమోనౌరా. పెద్ద విహార నౌకలు ఈ చిన్న రేవులోకి రాలేవు. మాది చిన్న ఓడ కనుక దూరంగా లంగరు వేసి, పడవల్లో ఒడ్డుకు చేర్చారు. సెటో సముద్రంలోకి పోటు నీరు తూర్పున కీయి జలసంధి నుంచి, పడమట బుంగో జలసంధి నుంచి, రెండు వైపుల నుంచీ వస్తుంది. ఆ రెండు ప్రవాహాలూ వచ్చి కలుసుకునేది ఇంచుమించు ఈ ఊరి ముందే. ఆటు మొదలవగానే నీరు ఇక్కడి నుంచే రెండు దిక్కులకూ వెనుదిరుగుతుంది. ఇంజన్లు లేని కాలంలో దాని అర్థం ఏమిటంటే, ఏ దిక్కు నుంచి వచ్చే ఓడ అయినా పోటుతో పాటు ఇక్కడికి చేరేది, ఆటు కోసం ఆగేది, ఆ ఆటుతోనే అవతలి దిక్కుకు సాగిపోయేది. ఓడలు ఆగిన చోట సత్రాలు, గుడులు, సారా వ్యాపారం, కమ్మరి కొలుములు వెలిశాయి. పదహారు మూలికలతో చేసే హోమేయిషు అనే తియ్యటి మందు సారాను ఆ వీధుల్లో ఈనాటికీ అమ్ముతున్నారు.

రేవు ఒడ్డున 1859లో కట్టిన రాతి దీపస్తంభం ఉంది. దాని పక్క నుంచి నీటిలోకి దిగే రాతి మెట్లను గమనించాలి. మన నదుల స్నానఘట్టాలను పోలి ఉంటాయి కానీ వాటి పని వేరు. నీటి మట్టం రోజులో ఎంత పెరిగినా, ఎంత తగ్గినా ఏదో ఒక మెట్టుకు పడవను ఆనించి సరుకు దించుకునేందుకు వాటిని అలా కట్టారు. నేను చూసేసరికి ఆటు వేళ. పైమెట్లు పొడిగా, తెల్లగా ఉన్నాయి; నడిమివాటికి పచ్చటి నాచు పట్టింది; అడుగువాటిని నత్తగుల్లలు కమ్మేశాయి. ఏ మెట్టు ఎన్ని గంటలు నీటిలో ఉంటుందో ఆ రంగులే చెబుతున్నాయి.

పక్కనే ఉన్న ఫుకుజెన్‌జి ఆలయంలో కొరియా రాయబారుల విడిది గది ఉంది. 1607 నుంచి 1811 వరకు కొరియా నుంచి పన్నెండు రాయబార బృందాలు జపాన్ వచ్చాయి, చివరి బృందం తప్ప మిగిలినవారి ఓడలు సాగినదీ ఈ సముద్రం మీదే. 1711లో వచ్చిన బృందంలోని యీ బాంగ్ఇయోన్ ఈ గది నుంచి కనిపించే దృశ్యాన్ని జపాన్‌లోకెల్లా మేటి అని రాసిపెట్టాడు. ఆ అక్షరాలు చెక్కిన పలక అక్కడ ఉంది. చాప మీద కూర్చుంటే గది స్తంభాల మధ్య నుంచి ఎదుటి ద్వీపం, దాని మీది చిన్న పగోడా పటం కట్టినట్టు కనిపిస్తాయి. రాయబారుల వెంట వచ్చిన కవులతో, వైద్యులతో మాట్లాడాలని, జపాన్ పండితులు విడుదుల దగ్గర బారులు తీరేవారట. ఇద్దరికీ చైనా లిపి వచ్చు కనుక కాగితం మీద రాసుకుంటూ సంభాషించేవారు. ఆ కాలపు జపాన్ ప్రపంచానికి తలుపులు మూసుకుందని మనం పాఠ్యపుస్తకాల్లో చదివాం. ఈ గదిలో కూర్చున్నవారికి ఆ మాట సగమే నిజమనిపిస్తుంది.

తరువాతి మజిలీ మియాజిమా. నీటిలో నిలబడ్డ ఎర్రటి తోరణం చిత్రాన్ని చూడనివారుండరు. ఆ తోరణం ఉన్న ఇత్సుకుషిమా ఆలయానికి ఈ వైభవం తెచ్చినవాడు తైరా అనే యోధ వంశానికి అధిపతి కియోమోరి; 1168 ప్రాంతంలో ఆయన దీన్ని నీటి మీద తేలుతున్నట్టు కట్టించాడు. చైనాతో వ్యాపారానికి సెటో సముద్రాన్ని రాజమార్గం చేసుకున్న మనిషి ఆయన, ఈ ఆలయ దేవత ఆ దారికి కాపు. ఇప్పుడున్న తోరణం 1875 నాటిది, ఎత్తు 16 మీటర్ల పైచిలుకు, బరువు దాదాపు 60 టన్నులు. దాని రెండు ప్రధాన స్తంభాలు కర్పూర వృక్షపు మొదళ్ళు. వాటిని నేలలో పాతలేదు. బురదలో దుంగలు దిగగొట్టి గట్టి చేసిన పునాది మీద తోరణం తన బరువుతో తానే నిలబడి ఉంది. బరువు చాలడానికి పైదూలాన్ని పెట్టెలా బోలుగా చేసి, టన్నుల కొద్దీ రాళ్ళు నింపారు. ఆలయ వసారాల్లో నేల పలకల మధ్య సందులు వదిలారు; తుఫాను వేళ నీరు కింది నుంచి ఎగదన్నితే ఆ సందుల్లో నుంచి పైకి వస్తుంది, పలకలు ఊడిపోవు. సముద్రాన్ని అడ్డుకోకుండా, దానికి దారి విడిచిన కట్టడం ఇది. ఉదయం పోటులో పడవ మీది నుంచి, మధ్యాహ్నం ఆటులో తడి ఇసుక మీద నడిచి వెళ్ళి, రెండు విధాలా చూడండి. వెళ్ళే ముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలు తప్పక కనుక్కోండి.

మియాజిమా నుంచి హిరోషిమా శాంతి ఉద్యానవనానికి నది మీదుగా పడవలో ముప్పావుగంట ప్రయాణం. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు పడిన బాంబు గురించి నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. మ్యూజియంకు పూట మొత్తం కేటాయించండి. అదే రోజు ఇంకేమీ పెట్టుకోకండి.

కన్మోన్ జలసంధిని దాటే వేళ మాత్రం తప్పక డెక్ మీద ఉండాలి. హోన్షూకూ క్యూషూకూ మధ్య దూరం అక్కడ అత్యంత ఇరుకైన చోట ఏడువందల మీటర్లకు మించదు. ఒడ్డున ఓడలకు కనిపించేలా పెద్ద విద్యుత్ సూచిక ఉంటుంది. ప్రవాహం తూర్పుకా పడమరకా అన్నది ఒక అక్షరం, వేగం ఎన్ని నాట్లన్నది (ఒక నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు) ఒక అంకె, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఒక బాణం, ఈ మూడూ వంతులవారీగా వెలుగుతుంటాయి. వేగం కొన్ని రోజుల్లో పది నాట్ల దాకా పోతుంది. ఈ నీటిలోనే, దన్‌నోఉరా అనే చోట, 1185లో తైరా, మినమోతో వంశాల మధ్య చివరి యుద్ధం జరిగింది. మొదట ప్రవాహం తైరాలకు అనుకూలంగా ఉండి, నడుమ తిరగబడి వారిని ముంచిందని సంప్రదాయ కథనం. ఓటమి తప్పదని తెలిసి కియోమోరి భార్య తన మనుమడైన బాల చక్రవర్తి అంతోకును ఎత్తుకుని, అలల కింద కూడా మనకొక రాజధాని ఉందని ఊరడించి, సముద్రంలో దూకింది. ఒడ్డున షిమోనొసెకిలో ఆ పసివాడి గుడి ఉంది. దాని ద్వారాన్ని నీటి అడుగున ఉండే నాగరాజు కోట తీరుగా కట్టారు.

ఆ యుద్ధగాథను బీవా అనే తంత్రీవాద్యం మీటుతూ అంధ గాయకులు శతాబ్దాల పాటు ఊరూరా పాడారు. మన పల్నాటి యుద్ధం కూడా ఆ 12వ శతాబ్దానిదే. దాన్నీ గాయకులే కారెంపూడి వీరుల గుడి దాకా పాడుతూ నిలబెట్టారు. ఓడినవారి కోసం రెండు జాతులూ అలా గొంతెత్తి ఏడ్వగలిగాయని, ఆ డెక్ మీద నిలబడి ఉన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఇక పుసాన్ సంగతి. విదేశీ జెండా గల ఓడలు జపాన్ రేవుల మధ్యనే ప్రయాణికులను చేరవేయడానికి అక్కడి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. అందుకే ఇలాంటి యాత్రల్లో ఎక్కువగా ఒక కొరియా రేవు కలుస్తుంది. మన పాస్‌పోర్టు ఉన్నవారు దేశం విడిచి మళ్ళీ జపాన్‌లోకి వస్తారు కనుక, ఏ రకం వీసా కావాలో టికెట్టు కొనకముందే అడిగి తెలుసుకోవాలి. శాకాహారులకు ఇంకొక మాట: కూరగాయల పులుసులా కనిపించేదాంట్లో కూడా ఎండుచేపల సారం ఉంటుంది, అందుచేత ఓడ వాళ్ళకు ముందే రాసి తెలియజేయండి. ఆగస్టు, సెప్టెంబరు నెలలు తుఫానులవి; ఏప్రిల్, మే నెలలైనా అక్టోబరు, నవంబరులైనా మంచివి.

నాగసాకి పొడవాటి అఖాతం చివరన, కొండల నడుమ ఉంది. 1571లో పోర్చుగీసువారి ఓడల కోసం తెరిచిన రేవు ఇది. వారితో వచ్చిన క్రైస్తవం బాగా వ్యాపించింది, తరువాత 1614లో దేశమంతటా నిషేధానికి గురైంది. నమ్మినవారు కొందరు గురువులు లేకుండానే రెండున్నర శతాబ్దాలు రహస్యంగా ప్రార్థనలు కొనసాగించారు. బిడ్డనెత్తుకున్న కన్నోన్ విగ్రహాన్ని, అంటే మన అవలోకితేశ్వరుడి జపాన్ రూపాన్ని, మరియమ్మగా కొలిచారు. మ్యూజియంలో అలాంటి తెల్లటి పింగాణీ బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. 1865 మార్చిలో ఉరాకమి గ్రామస్థులు కొత్తగా కట్టిన ఓఉరా చర్చికి వచ్చి, ఫ్రెంచి ఫాదరు పెతిజాన్‌తో తమ విశ్వాసం ఆయనదేనని మెల్లగా చెప్పారు. ఆ ఉరాకమి మీదనే 1945 ఆగస్టు 9న రెండవ బాంబు పేలింది.

చివరగా దేజిమా చూశాను. 1636లో రేవులో మట్టి పోసి కట్టిన విసనకర్ర ఆకారపు దీవి అది, నాలుగెకరాలు కూడా ఉండదు. 1641 నుంచి రెండు శతాబ్దాలకు పైగా డచ్ వ్యాపారులను అక్కడే ఉంచారు. చుట్టూ నేల పూడ్చడంతో ఇప్పుడది ఊరి మధ్యలో ఉంది, కానీ పాత గోదాములను, ఇళ్ళను మళ్ళీ నిలబెట్టారు. డచ్ అధికారి నివాసంలో జపాన్ చాపల మీద ఐరోపా కుర్చీలు, బల్లలు వేసి ఉన్నాయి. నాగసాకిలో చైనా వర్తకులూ ఉండేవారు. సుషిమా సంస్థానం ద్వారా కొరియాతో, సత్సుమా సంస్థానం ద్వారా ర్యూక్యూ ద్వీపాలతో (నేటి ఒకినావా ప్రాంతం), మత్సుమాయె సంస్థానం ద్వారా ఉత్తరాన ఐను అనే ఆదివాసీ ప్రజలతో రాకపోకలు సాగాయి. తలుపులు మూయలేదు, ప్రతి తలుపు దగ్గరా కాపలా పెట్టారు, అంతే.

దేజిమా గోదాముల నుంచి డచ్ ఓడల్లో బయటికి వెళ్ళిన ముఖ్యమైన సరుకు రాగి. అందులో కొంత మన కోరమాండల్ తీరంలో అమ్ముడైంది. ఎదురు దిశలో మన తీరపు అద్దకపు నూలు బట్టలు నాగసాకి చేరాయి. జపాన్ వారు వాటిని సరసా అని పిలిచి ఎంతో అపురూపంగా చూసుకున్నారు. చిన్న చిన్న ముక్కలను కూడా పారవేయక తేనీటి వేడుకలో వాడే పాత్రలకు సంచులుగా కుట్టుకున్నారు. ఆ డచ్ కంపెనీకి మచిలీపట్నంలో 17వ శతాబ్దం మొదటి దశకం నుంచే స్థావరం ఉండేది, ఆ కాలపు డచ్ సమాధులు బందరులో ఇప్పటికీ ఉన్నాయి. పెడనలో కలంకారీ అద్దేవారి ఇళ్ళకు వెళ్ళేవారు దారిలో ఆగి వాటినీ చూడవచ్చు; దేజిమాకు వెళ్ళే తెలుగువారు అక్కడి గోదాముల్లో సరుకుల వివరాలున్న పలకలను ఓపికగా చదవవచ్చు.