గుండె లయతో బ్లూటూత్ కీ: చివరి బిట్లు కలవట్లేదు

గుండె దెబ్బల నుంచే రెండు పరికరాలకీ ఒకే రహస్య కీ తీద్దామని చూస్తున్నాను, మళ్లీ ఫెయిలే. ఛాతీ మీది ఈసీజీ ప్యాచ్, వేలి క్లిప్పు వింటున్నది ఒకే గుండెని. అయినా రెండు వైపులా వచ్చిన 127 బిట్లలో 14 తేడా. తప్పిన బిట్లని సరిచేసే నా బీసీహెచ్ కోడ్ సరిదిద్దగలిగేది 10 వరకే. ఆ నాలుగు బిట్ల దగ్గరే మొత్తం ప్రాజెక్టు ఆగిపోయింది, నిద్ర కూడా పట్టట్లేదు.

ప్యాచ్‌కి స్క్రీన్ లేదు, బటన్ లేదు. అలాంటివాటికి బ్లూటూత్‌లో మామూలుగా దొరికేది జస్ట్ వర్క్స్ (ఏ నంబరూ అడగకుండా కలిపేసే) పెయిరింగ్ ఒక్కటే, మధ్యలో దూరేవాణ్ణి అది ఆపదు. అందుకే ఒంటిని తాకి ఉన్నవాటికి మాత్రమే దొరికే రహస్యం కావాలి. గుండె కొట్టుకునే ప్రతి రెండు దెబ్బల మధ్య వ్యవధినీ రెండు పరికరాలూ విడివిడిగా కొలిచి, వాటి నుంచి నాలుగేసి బిట్లు తీస్తాయి. 32 వ్యవధులు చాలు, అర నిమిషం పని.

బాగా నడుస్తున్నవి త్వరగా చెప్పేస్తాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే ఈసీజీ చిప్ ఏడీ8232లో 50 హెర్ట్జ్ కరెంటు రొద దాదాపు లేదు. మైక్రోకంట్రోలర్ ఈఎస్‌పీ32 లోపలి ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) కంటే బయట ఏడీఎస్1115 అనే విడి ఏడీసీ పెట్టి సెకనుకి 860 శాంపిళ్ల వేగంతో చదవడమే మేలని నా గట్టి అభిప్రాయం. క్లిప్పు మా తమ్ముడి వేలికి పెట్టి చూస్తే సగం బిట్లు తప్పాయి, అలాగే తప్పాలి కూడా.

ఇక అసలు గొడవ. వ్యవధిని 8 మిల్లీసెకన్ల మెట్లుగా కోసి, గ్రే కోడ్‌లోకి (పక్కపక్క మెట్ల మధ్య ఒక్క బిట్టే మారే రాత) మార్చి, కింది నాలుగు బిట్లు తీసుకుంటున్నాను. ఈసీజీ 815 మిల్లీసెకన్లు అంది, వేలి క్లిప్పులోని పీపీజీ (వెలుతురుతో రక్తపు అలని చూసే సెన్సర్) 817 అంది అనుకోండి. తేడా రెండే మిల్లీసెకన్లు, కానీ మొదటిది 101వ మెట్టు, రెండోది 102వది. మామూలు బైనరీలో అయితే రెండు బిట్లు మారేవి, గ్రే కోడ్ పుణ్యాన ఒక్కటే మారింది. ఆ ఒక్కటి చాలు కొంప ముంచడానికి. రెండు సెన్సర్ల తేడాకి స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ చెదురు) 4.2 మిల్లీసెకన్లు వస్తోంది. దాన్ని బట్టి లెక్క కడితే పది శాతం పైచిలుకు బిట్లు తప్పాలి, సరిగ్గా అంతే తప్పుతున్నాయి. కాబట్టి ప్రోగ్రామ్‌లో బగ్ కాదు, కొలతలోనే ఉంది విషయం.

మొదట్లో ఈ తేడా 14 మిల్లీసెకన్లు ఉండేది. పీపీజీ చిప్ మ్యాక్స్30102ని సెకనుకి 100 శాంపిళ్ల నుంచి 400కి పెంచాను, రెండు ఎల్ఈడీల మోడ్‌లో 411 మైక్రోసెకన్ల పల్స్ విడ్త్‌తో అదే గరిష్ఠం. పీపీజీ శిఖరం గుండ్రంగా ఉంటుంది, నడినెత్తి ఎక్కడో చెప్పడం కష్టం. అందుకని శిఖరం వదిలేసి, అల అన్నిటికంటే నిటారుగా లేచే చోటుని పట్టుకున్నాను. చిప్ లోపలి తాత్కాలిక నిల్వ ఎఫ్ఐఎఫ్ఓలో పట్టేది 32 శాంపిళ్లు, అంటే 80 మిల్లీసెకన్లు. బ్లూటూత్ టాస్క్ అడ్డొచ్చి చదవడం ఆలస్యమైతే టైమ్‌స్టాంపులు చెదిరిపోయేవి, ఇప్పుడు టైమ్ శాంపిల్ నంబరు నుంచే లెక్కిస్తున్నాను. ఇంకొకటి కూడా దొరికింది. నా మాడ్యూల్ 400 అని చెప్పి నిజానికి 397.2 ఇస్తోంది. 800 మిల్లీసెకన్ల దెబ్బ మీద అదొక్కటే ఐదున్నర మిల్లీసెకన్ల పొరపాటు! మెయిన్ బోర్డు క్రిస్టల్‌తో పది నిమిషాలు పోల్చి సరిచేశాను.

ఇన్ని చేశాక కూడా 4.2 దగ్గరే మొండికేసింది. అప్పుడు తేడాలని వరసగా గ్రాఫ్ గీసి చూస్తే మెలికలు తిరిగిన గీత వచ్చింది. మెలికకీ మెలికకీ నాలుగు సెకన్లు. నా ఊపిరి వేగం అదే! నిమిషానికి ఆరుసార్లు నెమ్మదిగా పీలిస్తే తేడా 6.5కి ఎగబాకింది, ఊపిరి బిగబట్టిన కాసేపూ 2.5కి దిగింది.

గుండెలో కరెంటు మొదలయ్యాక వేలికి రక్తపు అల చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ ఆలస్యం ఎంత ఉన్నా ప్రతి దెబ్బకీ ఒకేలా ఉంటే తీసివేతలో పోతుంది. ఊపిరితో పాటు ఛాతీలో ఒత్తిడి మారి ఆలస్యం కూడా ఊగుతోంది కాబట్టే మిగిలిపోతోంది. ఇందులో రెండు భాగాలున్నాయి: కరెంటు మొదలైనప్పటి నుంచి బృహద్ధమని కవాటం తెరుచుకునే వరకు ఒకటి, అక్కడి నుంచి అల వేలిదాకా ప్రయాణం రెండోది. ఎక్కువ ఊగేది మొదటిదేనని నా అనుమానం.

మెట్టుని 16 మిల్లీసెకన్లకి పెంచి మూడు బిట్లే తీసి చూశాను. సగటున ఎనిమిదో తొమ్మిదో తప్పులకి దిగింది, కొన్ని బ్లాకుల్లో మాత్రం 12 దాకా వెళ్తోంది. పైగా కదలకుండా కూర్చుంటే పై బిట్టు వరసగా ఏడెనిమిది దెబ్బలు మారకుండా ఉంటోంది. సులువుగా కలిసే బిట్టుని ఊహించడం కూడా సులువే. పల్స్‌ని మొహం వీడియో నుంచి కూడా అంచనా వేస్తున్న రోజులివి. అందుకే కింది బిట్లని వదులుకుని మ్యాచ్ శాతం పెంచుకునే పద్ధతి నాకు నచ్చదు.

ప్రోటోకాల్ విషయంలో మాత్రం మనసు మార్చుకుంటున్నాను. 2013లో రోస్తామి, జ్యూల్స్, కుషన్‌ఫర్ ఇచ్చిన హార్ట్ టు హార్ట్ పద్ధతిలో గుండె బిట్లని కీగా వాడరు. ముందు మామూలు క్రిప్టోతో ఛానల్ తెరిచి, తర్వాత అవతలివాడు నిజంగా ఒంటిని తాకుతున్నాడా అని తేల్చడానికే ఈ బిట్లు. అక్కడ కొన్ని బిట్లు తప్పినా ఫర్వాలేదు, తప్పులు సరిదిద్దడానికి బయటికి పంపాల్సిన అదనపు సమాచారం (సిండ్రోమ్) వల్ల రహస్యం లీకయ్యే భయమూ లేదు. ఈఎస్‌పీ32 మీద కీ మార్పిడికి వాడే కర్వ్25519 హాయిగా నడుస్తుంది, కాబట్టి అటే వెళ్తాను.

అయినా ఆ 4.2 సంగతి తేల్చకుండా వదలను. ప్యాచ్ కింద రొమ్ము ఎముక మీద ఒక ఎంపీయూ6050 (కదలికల్ని కొలిచే సెన్సర్) అతికించి, కవాటం తెరుచుకున్నప్పుడు ఛాతీలో పుట్టే చిన్న కుదుపుని పట్టాలని ప్లాన్. ఆర్ శిఖరం (ఈసీజీలో ప్రతి దెబ్బకీ వచ్చే ఎత్తైన ముల్లు) బదులు ఆ కుదుపు నుంచి లెక్కపెడితే మొదటి భాగం పూర్తిగా తొలగిపోవాలి. 5 నుంచి 25 హెర్ట్జ్ ఫిల్టర్‌తో మొదలుపెడతాను. అది కుదరకపోతే ఈసీజీని పక్కనపెట్టి చెవి తమ్మెకి ఇంకో పీపీజీ క్లిప్పు పెడతాను, రెండు చోట్లా ఆ మొదటి భాగం ఒకటే కాబట్టి. ఎంపీయూ6050 ఆర్డర్ పెట్టేశాను. ఎవరైనా ఛాతీ కుదుపులు రికార్డు చేసి ఉంటే, సెన్సర్‌ని టేపుతో అతికించారా, బెల్టుతో కట్టారా చెప్పండి.