రిఫర్ అని రాసిన చీటీ

పాప పుట్టిన రెండో రోజు. ఆపరేషన్ కుట్లు ఇంకా లాగుతున్నాయి. ఒకావిడ చేతిలో పట్టేంత మెషీన్‌తో గదిలోకి వచ్చి, చెవి పరీక్ష అంది. నిద్రపోతున్న పాప చెవిలో మెత్తటి రబ్బరు మొన పెట్టింది. కుడి చెవి అర నిమిషంలో అయిపోయింది. ఎడమ చెవికి మూడుసార్లు తీసి పెట్టింది. చివరికి ఒక చీటీ ఇచ్చింది. కుడి: పాస్. ఎడమ: రిఫర్. "ఫెయిల్ కాదమ్మా, మళ్లీ చూడాలి, అంతే" అనేసి పక్క గదికి వెళ్లిపోయింది.

ఆవిడ తలుపు దాటేలోపే నాకు కారణం తెలిసిపోయింది. నా షుగరే.

26వ వారంలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసిన పరీక్షలో పరగడుపున 97 వచ్చింది, 92 లోపు ఉండాలి. రెండు గంటలకు 168, అది 153 లోపు ఉండాలి. అప్పటిదాకా షుగర్ ఊసే లేదు నాకు. ఆ తర్వాత మూడు నెలలు రోజుకు నాలుగుసార్లు వేలికి సూది, నోట్‌బుక్‌లో అంకె. అంకె కాస్త పెరిగిందంటే ఆ పూట ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. రాత్రి ఇన్సులిన్ మొదలయ్యాక మా ఆయన్ని సూది వేయడం నేర్చుకోమన్నాను. నేర్చుకున్నాడు, కానీ కళ్లు మూసుకుని వేసేవాడు. ఇక నేనే వేసుకున్నాను.

ఆ సాయంత్రం పిల్లల డాక్టర్ వస్తే చీటీ చూపించి ఏడ్చాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ మెషీన్ ఏం చేస్తుందో చెప్పారు. అది చెవిలోకి టిక్ టిక్ మని చిన్న శబ్దం పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి ఆ శబ్దానికి తనూ సన్నగా ఒక శబ్దం తిరిగి ఇస్తుంది, దాన్ని మైక్ పట్టుకుంటుంది. చెవి వినడమే కాదు, శబ్దం చేస్తుందని 1978లో డేవిడ్ కెంప్ అనే ఆయన చూపించాడట. ఎంత ఏడుపులోనూ ఈ సంగతి నాకు భలే నచ్చింది. అయితే చెవి గొట్టంలో ఉమ్మనీరో, పుట్టినప్పుడు ఒంటిమీదుండే తెల్లటి పూతో మిగిలి ఉంటే ఆ శబ్దం బయటికి రాదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో, అందులోనూ ఆపరేషన్‌తో పుట్టిన పిల్లల్లో, ఇలా రిఫర్ రావడం మామూలే. పుట్టుకతో శాశ్వతంగా వినికిడి తగ్గేది వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి.

"మరి నా షుగర్?" అన్నాను.

గర్భం రాకముందే షుగర్ ఉండి, అది అదుపులో లేకపోతే, తొలి వారాల్లో అవయవాలు తయారయ్యేటప్పుడు చెవితో సహా లోపాలు వచ్చే ముప్పు పెరుగుతుంది. నాకు బయటపడింది 26వ వారంలో, అప్పటికి లోపలి చెవి రూపం దిద్దుకోవడం అయిపోయింది. ఆయన కంగారు వేరే. తల్లి రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే అది బిడ్డకు చేరుతుంది, బిడ్డ ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుంటుంది. బొడ్డుతాడు కోయగానే గ్లూకోజ్ రాక ఆగుతుంది, ఇన్సులిన్ మాత్రం ఉంటుంది. అందుకే మా పాప మడమకు గుచ్చి గుచ్చి షుగర్ చూశారు, ఒకసారి తగ్గితే బుగ్గ లోపల గ్లూకోజ్ జెల్ రాశారు. ఇలాంటి పిల్లల్లో ఎర్ర రక్తకణాలు ఎక్కువగా ఉండొచ్చు, అవి విరిగితే కామెర్లు. కామెర్లు మరీ ముదిరితే వినికిడి నరం దెబ్బతింటుంది.

మూడో రోజు పాప పచ్చబడింది. రెండు రోజులు నీలి లైటు కింద, కళ్లకు గంతలు కట్టుకుని పడుకుంది. రక్తం మార్చేంత దూరం వెళ్లలేదు. అయినా డాక్టర్, నాలుగు వారాలాగి ఈసారి బెరా అనే పరీక్ష చేయిద్దాం అన్నారు. మొదటి పరీక్ష లోపలి చెవిని మాత్రమే చూస్తుంది, నరం దెబ్బతిన్నా అందులో పాస్ రావొచ్చు. బెరాలో తలకు అతికించిన తీగలతో, శబ్దం నరం గుండా మెదడు మొదలు దాకా చేరుతోందా లేదా చూస్తారు. నెలలోపు మొదటి పరీక్ష, తేడా ఉంటే మూడు నెలల్లోపు అసలు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలి, ఇదీ లెక్క. మాటలు నేర్చే మెదడు ఆగదు కాబట్టి.

ఆ నాలుగు వారాలూ ఇంట్లో సాగిన పరీక్షలకు లెక్క లేదు. అమ్మ గంట మోగించేది. నేను చాటుగా చప్పట్లు కొట్టేదాన్ని. పాప ఉలిక్కిపడేది, మేం సంబరపడేవాళ్లం, మరుక్షణం నాకు గుర్తొచ్చేది: కుడి చెవి ఒక్కటి బాగున్నా ఉలిక్కిపడుతుంది కదా! దగ్గరగా కొడితే గాలి తగిలి కూడా కదులుతుంది. అయినా మానలేదు.

బెరా రోజు పాలు పట్టి, నిద్రపుచ్చి తీసుకెళ్లాం. నలభై నిమిషాలు. తెరమీద గీతలు లేస్తూ పడుతూ ఉంటే నాకేమీ అర్థం కాలేదు. ఆడియాలజిస్ట్ ముఖం చూస్తూ కూర్చున్నాను, ఆవిడ ముఖంలో ఏమీ లేదు. చివర్లో, రెండు చెవులూ పాస్, మాటలు ఆలస్యమైనట్టు అనిపిస్తే మాత్రం ఆలోచించకుండా తీసుకురండి అంది.

ఆ రాత్రి పాప ఉయ్యాల ఎడమ వైపున నిలబడి మా ఆయన ఫోన్ మోగించాడు. పాప కళ్లు చికిలించి ఏడుపు లంకించుకుంది. ఏమనబోయి ఊరుకున్నాను. నా చేతిలోనూ గంట ఉంది.